ఎంబీఏ చేస్తే అమెరికాలో రెసిడెన్సీ తేలికవుతుందా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. 2023లో ఎంబీబీఎస్ పట్టా వచ్చింది, అమెరికాలో డాక్టరుగా పనిచేయడానికి రాసే యూఎస్ఎంఎల్ఈ పరీక్షల్లో స్టెప్ 1 పాసయ్యారు, తర్వాతిదైన స్టెప్ 2 సీకే చదువు మధ్యలో ఉంది. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు "ముందు ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద హెల్త్‌కేర్ ఎంబీఏకి వెళ్ళిపోండి, అక్కడే ఉంటూ రెసిడెన్సీకి (హాస్పిటల్లో పనిచేస్తూ పొందే పీజీ శిక్షణకి) అప్లై చేయండి, డాక్టరూ మేనేజరూ రెండూ మీరే కాబట్టి ప్రోగ్రామ్‌లు ఎగబడి తీసుకుంటాయి" అన్నారు. డాలస్‌లో పుట్టి పెరిగిన మీ పెద్దమ్మగారి అబ్బాయి మెడిసిన్‌తో పాటు ఎంబీఏ కూడా చేయబోతున్నాడు, వాడికి మంచిదైనది నీకెందుకు కాదు అని ఇంట్లో అడుగుతున్నారు.

జవాబు ముందే చెప్పేస్తాను. అతనికి ఎంబీఏ వల్ల రెసిడెన్సీ విషయంలో పెద్ద లాభమూ లేదు, పెద్ద నష్టమూ లేదు, జాగ్రత్తగా చేసుకుంటే కాస్త లాభమే. మీకు మాత్రం ఈ దశలో నష్టమే ఎక్కువ. డిగ్రీ చెడ్డదని కాదు, అది అడిగే రెండేళ్ళు మీ దగ్గర లేవు.

నేనూ మన వైపు గవర్నమెంట్ కాలేజీలోనే ఎంబీబీఎస్ చదివి, అమెరికా వచ్చి ఇంటర్నల్ మెడిసిన్ (మన జనరల్ మెడిసిన్) రెసిడెన్సీ చేసి, ఇప్పుడు ఒక టీచింగ్ హాస్పిటల్‌లో హాస్పిటలిస్ట్‌గా, అంటే అడ్మిటైన పేషెంట్లని చూసే డాక్టరుగా ఉన్నాను. సెప్టెంబరు చివర్లో ఈరాస్ అనే ఆన్‌లైన్ దరఖాస్తు వ్యవస్థ ద్వారా వచ్చే అప్లికేషన్లు చదివి, చలికాలమంతా ఇంటర్వ్యూలు చేసే ఫ్యాకల్టీలో నేనొకణ్ణి. ఉద్యోగంలో కుదురుకున్నాక ఎంబీఏ కూడా చేశాను, దాన్ని ఈ రోజుకీ వాడుతున్నాను. కాబట్టి ఎంబీఏ మీద చిన్నచూపుతో చెప్పే మాటలు కావివి.

అప్లికేషన్ అసలు ఎలా చదువుతారో ముందు తెలుసుకోండి, సగం సందేహాలు అక్కడే తీరతాయి. ఒక మామూలు ఇంటర్నల్ మెడిసిన్ ప్రోగ్రామ్‌కి వేలల్లో అప్లికేషన్లు వస్తాయి, సీట్లు పదుల్లో ఉంటాయి. అన్నీ మనుషులు కూర్చుని మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదవడం జరగని పని. ముందు ఫిల్టర్ పెడతారు. 2022 జనవరి చివర నుంచి స్టెప్ 1కి మార్కులు పోయి పాస్, ఫెయిల్ మాత్రమే మిగిలాయి కాబట్టి ఆ బరువంతా స్టెప్ 2 సీకే స్కోరు మీదికి వచ్చి పడింది. ఆ స్కోరు, ఏ స్టెప్‌లోనైనా ఫెయిలయ్యారా లేదా, ఎంబీబీఎస్ అయి ఎన్నేళ్ళయింది, వీసా అవసరమా, అమెరికాలో క్లినికల్ అనుభవం ఉందా, ఇక్కడి డాక్టర్లు రాసిన సిఫారసు లెటర్లు ఉన్నాయా. మన లాంటి బయటి దేశాల గ్రాడ్యుయేట్లకు మొదటి వడపోత దాదాపు వీటితోనే అయిపోతుంది. ఎంబీఏ ఉందా అనే ఫిల్టర్ పెట్టే ప్రోగ్రామ్‌ని నేనింతవరకూ చూడలేదు. వడపోత దాటి నా స్క్రీన్ మీదికి వచ్చిన అప్లికేషన్‌లో ఎంబీఏ కనబడితే ఒక క్షణం ఆగి చదువుతాను, ఆసక్తిగా ఉంటే ఇంటర్వ్యూలో అడుగుతాను. దాని పని అంతవరకే, అదీ గేటు దాటాకే. గేటు తెరిచేది అది కాదు.

అభ్యర్థులనీ రెసిడెన్సీ సీట్లనీ జతచేసే దేశవ్యాప్త ప్రక్రియని మ్యాచ్ అంటారు, దాని లెక్కలు చూడండి. 2024 మ్యాచ్‌లో అమెరికన్ మెడికల్ స్కూళ్ళ చివరి ఏడాది ఎండీ (ఇక్కడ అది మన ఎంబీబీఎస్ లాంటి మొదటి మెడికల్ పట్టా) విద్యార్థుల్లో 93.5 శాతం మందికి సీటు వచ్చింది. అమెరికా పౌరులు కాని విదేశీ గ్రాడ్యుయేట్లలో 58.5 శాతం మందికే వచ్చింది. మీ కజిన్ మొదటి గుంపులో ఉన్నాడు, మీరు రెండో గుంపులో. అతను ఒక ఏడాది మెడిసిన్ పక్కనపెట్టి బిజినెస్ స్కూల్లో కూర్చున్నా అతని మెడికల్ స్కూల్ అతని వెనకాల నిలబడే ఉంటుంది. అతని చదువు గురించి ప్రోగ్రామ్‌లకు డీన్స్ లెటర్ రాస్తుంది, చివరి ఏడాది రొటేషన్లు ఇస్తుంది, అతని పట్టా మీద గ్రాడ్యుయేషన్ సంవత్సరం ఇంకా పడనే లేదు కాబట్టి అతనికి "గ్యాప్" అనే మాటే వర్తించదు. మీకు ఆ గడియారం 2023 నుంచి నడుస్తోంది, ఎంబీఏ చేసినా చేయకపోయినా అది ఆగదు.

నెలలతో సహా లెక్క వేద్దాం. ఇప్పుడు స్టెప్ 2 సీకే పూర్తిచేసి, ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష రాసి, విదేశీ డాక్టర్ల అర్హతలు పరిశీలించే ఈసీఎఫ్ఎంజీ సంస్థ కాగితాలు సర్దుకుని, ఒకటి రెండు నెలలు ఇక్కడి డాక్టర్ల పని పక్కనుండి చూసే అబ్జర్వర్‌షిప్ చేసుకుని 2026 సెప్టెంబరులో అప్లై చేశారనుకోండి. మ్యాచ్ 2027 మార్చిలో, చేరడం 2027 జూలైలో. మీ పట్టా వయసు నాలుగేళ్ళు. అదే 2026 ఆగస్టులో రెండేళ్ళ ఎంబీఏకి చేరితే 2028 మేలో పూర్తవుతుంది. మధ్యలో, 2027 సెప్టెంబరులోనే అప్లై చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు, కానీ అప్పటికి స్టెప్ 2 అయిపోయి ఉండాలి. ఎంబీఏ మొదటి ఏడాది గ్రూప్ ప్రాజెక్టులు, ఫైనాన్స్ అసైన్‌మెంట్లు, 20 గంటల క్యాంపస్ ఉద్యోగం నడుపుతూ స్టెప్ 2లో 250 దగ్గర స్కోరు తెచ్చుకోవడం ఎంత కష్టమో ఆ దారిన వెళ్ళినవాళ్ళని అడగండి. ఎక్కువమంది ఎంబీఏ అయ్యాకే, అంటే 2028 సెప్టెంబరులో అప్లై చేసి 2029 జూలై కోసం చూస్తారు. అప్పటికి పట్టా వయసు ఆరేళ్ళు. చాలా ప్రోగ్రామ్‌లు ఐదేళ్ళ దగ్గర గీత గీస్తాయి. వాళ్ళ వెబ్‌సైట్లలోనే రాసి ఉంటుంది, మీరు అప్లై చేయాలనుకునే ఓ పాతిక ప్రోగ్రామ్‌లవి తెరిచి చూడండి. నా మాట కన్నా అది గట్టి సాక్ష్యం. ఈసీఎఫ్ఎంజీకి కావలసిన పరీక్షలన్నీ ఏడేళ్ళలోపు ముగించాలనే నియమం కూడా ఒకటుంది, స్టెప్ 1 పాసైన తేదీ దగ్గర పెట్టుకోండి.

గీత అక్కడే ఎందుకు గీస్తారంటే కారణం ఉంది. జూలై 1న చేరిన ఇంటర్న్‌కి మొదటి వారంలోనే రాత్రి డ్యూటీ పడొచ్చు. పేషెంటుకి బీపీ పడిపోతోందని నర్స్ పేజ్ చేస్తే అతను వెళ్ళి చూడాలి, ఏం చేయాలో తెలియాలి, తెలియకపోతే ఎవరిని లేపాలో తెలియాలి. ఆరేళ్ళ కిందట వార్డులో పనిచేసి ఆ తర్వాత పేషెంటుని ముట్టుకోని మనిషికి ఆ బాధ్యత ఇవ్వడానికి ప్రోగ్రామ్ డైరెక్టర్ జంకుతాడు. జంకడం న్యాయమే. ఆ మధ్య ఏళ్ళలో మీరు మార్కెటింగ్, అకౌంటింగ్ ఎంత బాగా నేర్చుకున్నారనేది ఆ రాత్రి ఆ పేషెంటుకి పనికిరాదు.

రెండో భయం ఒకటుంది, దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టరు. "ఈ మనిషి నిజంగా డాక్టరుగా పనిచేస్తాడా, లేక మధ్యలో కన్సల్టింగ్ కంపెనీకి వెళ్ళిపోతాడా?" మెకిన్సీ లాంటి సంస్థలు రెసిడెన్సీ చేయని ఎండీలను కూడా తీసుకుంటాయి, ఆ సంగతి అందరికీ తెలుసు. ఒక రెసిడెంట్ మధ్యలో వెళ్ళిపోతే ఆ ఖాళీ వెంటనే నిండదు. రాత్రి డ్యూటీలు, ఐసీయూ నెలలు మిగతా పిల్లల నెత్తిన పడతాయి, వాళ్ళు అప్పటికే వారానికి 80 గంటల పరిమితి అంచున పనిచేస్తుంటారు. అందుకే ఎంబీఏ ఉన్న అభ్యర్థిని నేను తప్పకుండా అడిగే ప్రశ్న "పదేళ్ళ తర్వాత వారంలో ఎన్ని రోజులు పేషెంట్లని చూస్తూ ఉంటావు?" అని. దీనికి తడబడకుండా, నిజాయితీగా, తన మాటల్లో జవాబు చెప్పగలిగినవాళ్ళకి ఎంబీఏ వల్ల నష్టమేమీ జరగలేదు. "హెల్త్‌కేర్ లీడర్‌షిప్‌లో మార్పు తీసుకురావాలని నా ఆశయం" అంటూ అరిగిపోయిన వాక్యాలు చెప్పినవాళ్ళు మాత్రం నష్టపోయారు.

ఇక వీసా సంగతి. కన్సల్టెన్సీ వాళ్ళు మీకు చెప్పిన దాంట్లో నిజం పాలు కొంత ఉంది, అది ముందు ఒప్పుకోవాలి. 2025 సెప్టెంబరులో వచ్చిన ప్రకటనతో బయటి దేశంలో ఉన్న మనిషి కోసం వేసే కొత్త హెచ్1బీ పిటిషన్‌కి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు, అమెరికాలోనే ఉండి ఎఫ్1 నుంచి స్టేటస్ మార్చుకునేవాళ్ళకు అది వర్తించదని ఆ తర్వాత ఇమిగ్రేషన్ వ్యవహారాలు చూసే యూఎస్‌సీఐఎస్ స్పష్టం చేసింది. దీన్ని పట్టుకునే ఇప్పుడు డాక్టర్లకు ఎంబీఏ అమ్ముతున్నారు. కానీ రెసిడెన్సీకి వచ్చే మనవాళ్ళలో ఎక్కువమంది వచ్చేది ఈసీఎఫ్ఎంజీ స్పాన్సర్ చేసే జే1 ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా మీద. దానికి ఈ ఫీజుతో సంబంధం లేదు. రెసిడెన్సీ అయ్యాక రెండేళ్ళు స్వదేశం వెళ్ళాలనే షరతు ఉంటుంది, దాన్ని కాన్రాడ్ 30 లాంటి వేవర్ (ఆ షరతు మాఫీ అయ్యే) ఉద్యోగాలతో దాటుతారు, అది వేరే పెద్ద కథ. హెచ్1బీ ఇచ్చే ప్రోగ్రామ్‌లు ముందు నుంచీ తక్కువే, పైగా దానికి యూఎస్ఎంఎల్ఈ చివరి పరీక్ష స్టెప్ 3 కూడా అయి ఉండాలి. కొద్దిపాటి హెచ్1బీ ప్రోగ్రామ్‌ల కోసం రెండేళ్ళ పట్టా వయసునీ లక్షల రూపాయలనీ పణంగా పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఎఫ్1 మీద ఉంటే క్లినికల్ అనుభవం కుప్పలుగా దొరుకుతుందన్న మాట కూడా అంత నిజం కాదు. ఎఫ్1 మీద మీరు విద్యార్థి, చదువుతున్నది మేనేజ్‌మెంట్. క్యాంపస్ బయట చేసే ఏ పనైనా విద్యార్థులు పనిచేయడానికి అనుమతినిచ్చే సీపీటీ, ఓపీటీ నియమాల్లో ఉండాలి, అది మీ చదువుకి సంబంధించినదై ఉండాలి. క్లినిక్‌లో వెనకాల నిలబడి చూసే అబ్జర్వర్‌షిప్ వేరు, అక్కడ పేషెంటు హిస్టరీ తీసుకుని నోట్ రాయడం వేరు. ఎవరో తెలిసిన డాక్టర్ గారు ఉన్నారు కదా అని యూనివర్సిటీలో వీసా వ్యవహారాలు చూసే ఆఫీసర్‌ని అడగకుండా క్లినిక్‌లో పని మొదలుపెట్టకండి. స్టేటస్ పోగొట్టుకుంటే రెసిడెన్సీ మాట దేవుడెరుగు, తిరిగి రావడమే కష్టమవుతుంది. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఆఫీసర్ మిమ్మల్ని అడగబోయే మొదటి ప్రశ్న కూడా ఇదే అవుతుంది: డాక్టరువి కదా, ఎంబీఏ ఎందుకు? "రెసిడెన్సీ కోసం" అనేది మీ మనసులో ఉన్న జవాబైతే, మీరు అడుగుతున్న వీసాకీ దానికీ పొంతన లేదు. ఇంకో జవాబు బట్టీపట్టి చెప్పమని నేర్పేవాళ్ళుంటారు, వాళ్ళ మాట వినకండి. అక్కడ చెప్పిన మాట రికార్డులో ఉంటుంది.

డబ్బు సంగతి ఎక్కువ చెప్పను. ఈరాస్‌లో వంద ప్రోగ్రామ్‌లకు అప్లై చేస్తే ఫీజు రెండు వేల డాలర్లు దాటుతుంది. దాని మీద పరీక్షల ఫీజులు, ఒకటి రెండు నెలల అబ్జర్వర్‌షిప్‌కి ఇక్కడ ఉండే ఖర్చు కలుపుకున్నా ఒక చిన్న యూనివర్సిటీలో ఎంబీఏకయ్యే మొత్తంలో కొంత భాగమే అవుతుంది. అమ్మానాన్నలు పొలమో ఇల్లో తాకట్టు పెట్టి అప్పు తెచ్చేటట్టయితే అది నేరుగా రెసిడెన్సీకి పనికొచ్చే వాటి మీదే పెట్టండి.

ఇప్పుడు మీ కజిన్ సంగతి. ఇది అతనికి కూడా చూపించండి, ఎందుకంటే అతని స్థితిలో ఎంబీఏ ఎప్పుడు చేస్తున్నాడన్నదే అసలు విషయం. అమెరికాలో ఇప్పుడు 60కి పైగా మెడికల్ స్కూళ్ళలో ఎండీ, ఎంబీఏ కలిపి చదివే వీలుంది. ఎక్కువ చోట్ల మొత్తం ఐదేళ్ళు. మూడో ఏడాది వార్డు రొటేషన్లు అయ్యాక ఒక ఏడాది బిజినెస్ స్కూల్లో ఉండి, మళ్ళీ వచ్చి చివరి ఏడాది మెడిసిన్ చేస్తారు. టెక్సస్ టెక్‌లో అయితే నాలుగేళ్ళలోనే రెండూ ముగిస్తారు. ఐదేళ్ళ దారిలో ఉన్న ఇబ్బంది ఇదీ: ఎంబీఏ ముగిసేది మే, జూన్‌లలో, ఈరాస్ తెరుచుకునేది సెప్టెంబరులో. ఏడాదంతా స్టెతస్కోప్ ముట్టకుండా ఉన్న పిల్లాడు ఆ మూడు నెలల్లో ఇంటర్న్ స్థాయి బాధ్యతతో వార్డులో పనిచేసే సబ్-ఇంటర్న్‌షిప్ చేసి, సీనియర్ డాక్టర్ల మెప్పు పొంది, లెటర్లు తెచ్చుకుని, ఇంకా రాయకపోతే స్టెప్ 2 కూడా రాసి అప్లై చేయాలి. ఇదంతా ఒకేసారి మీద పడితే దేనికీ న్యాయం జరగదు. కాబట్టి స్టెప్ 2 సీకే మూడో ఏడాది రొటేషన్లు ముగిసిన వేడి మీదే రాసేయమనండి. లెటర్లు కూడా ఎంబీఏకి వెళ్ళే ముందే, తన పని చూసిన డాక్టర్లకు తాను ఇంకా గుర్తుండగానే అడిగి పెట్టుకోవాలి. ఎంబీఏ ఏడాదిలో వారానికో పూట ఏదో ఒక క్లినిక్‌లో పేషెంట్లని చూస్తూ ఉండాలి. ఆర్థోపెడిక్స్ లాంటి పోటీ ఎక్కువున్న బ్రాంచి అనుకుంటుంటే ఇది మరీ ముఖ్యం, అక్కడ ఎంబీఏ చూసి ఎవరూ ముగ్ధులవరు, ఓటీలో అతనితో నిలబడిన సర్జన్ ఏం రాశాడో చూస్తారు.

లోన్ల సంగతీ మారింది, అతనికి చెప్పండి. 2026 జూలై 1 నుంచి కొత్తగా చేరేవాళ్ళకు చదువు ఖర్చంతటికీ తీసుకోగలిగిన గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్లు లేవు. మెడిసిన్‌కి ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2 లక్షల డాలర్లు దాటకూడదు, ఎంబీఏ లాంటి వాటికి ఏడాదికి 20,500 మాత్రమే. ఇప్పటికే లోన్ తీసుకుంటున్నవాళ్ళకు కొంత మినహాయింపు ఉంది కాబట్టి తన కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే ఐదో ఏడాదికి సై అనమనండి.

ఈ దారిన వెళ్ళి పైకి వచ్చినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. రెండు సార్లు అమెరికా సర్జన్ జనరల్‌గా పనిచేసిన వివేక్ మూర్తి 2003లో యేల్‌లో ఎండీ, ఎంబీఏ రెండూ పూర్తిచేసి బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్‌లో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ చేశారు. 2025 నుంచి, వృద్ధులకూ పేదలకూ ప్రభుత్వ ఆరోగ్య బీమాలైన మెడికేర్, మెడికెయిడ్ నడిపే సంస్థకి అధిపతిగా ఉన్న మెహ్మెట్ ఓజ్ 1986లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ నుంచి ఎండీ, వార్టన్ ఎంబీఏ పట్టాలు పొంది సర్జరీలోకి వెళ్ళారు. అయితే ఇద్దరూ అక్కడి మెడికల్ స్కూళ్ళ విద్యార్థులు, చదువు మధ్యలో ఎంబీఏ కలుపుకున్నవాళ్ళు, దాని తర్వాత నేరుగా రెసిడెన్సీకి వెళ్ళినవాళ్ళు. వీళ్ళ పేర్లు చెప్పి మీలాంటి ఒంగోలు అమ్మాయికి ఎంబీఏ అంటగడితే అది న్యాయం కాదు. హాస్పిటళ్ళు కట్టి నడపడానికి ఎంబీఏ తప్పనిసరి అనేది కూడా నిజం కాదు. చిత్తూరు జిల్లా అరగొండ నుంచి వచ్చి 1983లో చెన్నైలో అపోలో ప్రారంభించిన ప్రతాప్ సి. రెడ్డి గారు కార్డియాలజిస్టు. 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి స్థాపించిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు కంటి డాక్టరు. ఇద్దరూ ముందు తమ వైద్యంలో దిట్టలు.

ఎంబీఏ దేనికీ పనికిరాదని మాత్రం అనుకోకండి. అమెరికాలో రెసిడెన్సీ శిక్షణని పర్యవేక్షించే ఏసీజీఎంఈ ప్రతి రెసిడెంట్‌కీ ఆరు సామర్థ్యాలు ఉండాలంటుంది, వాటిలో ఒకటి సిస్టమ్స్-బేస్డ్ ప్రాక్టీస్. పేషెంటు చుట్టూ ఉన్న వ్యవస్థ, అంటే బెడ్డు, మందుల షాపు, ఇన్సూరెన్సు, డిశ్చార్జి, ఇంటికెళ్ళాక ఫాలోఅప్, ఇవి ఎలా పనిచేస్తాయో తెలిసి వాటితో పని చేయించగలగడం. 2012 అక్టోబరు నుంచి 30 రోజుల్లోపు పేషెంట్లు తిరిగి అడ్మిట్ అవడం ఎక్కువగా ఉన్న హాస్పిటళ్ళకు మెడికేర్ డబ్బు కోస్తోంది కాబట్టి ఇది ప్రతి ప్రోగ్రామ్‌కీ నిజమైన తలనొప్పి. ఎంబీఏ చేసిన అభ్యర్థి ఈ సమస్యని అర్థం చేసుకుని ఏదైనా ఒక చిన్న పని నిజంగా చేసి చూపిస్తే నేను కుర్చీలో ముందుకు జరిగి వింటాను. డ్యూక్‌లో మేనేజ్‌మెంట్ డిగ్రీ ఉన్న రెసిడెంట్ల కోసమే ప్రత్యేకంగా ఒక పాత్‌వే కూడా నడుపుతున్నారు. అంటే ఇలాంటి మనుషులు కావాలనుకునే చోట్లు ఉన్నాయి, తక్కువే అయినా.

మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇక్కడే ఉంది. మీరు మీ పోస్టులో ఒక్క వాక్యంలో దాటేశారు: ఇంటర్న్‌షిప్‌లో జీజీహెచ్‌లో ఆరోగ్యశ్రీ కేసుల ప్రీఆథరైజేషన్ (చికిత్సకు ముందస్తు అనుమతి) కాగితాలు మీరే చూసేవారని, డిశ్చార్జి ఆలస్యమై బెడ్లు ఖాళీ కాక క్యాజువాలిటీలో పేషెంట్లు ఆగిపోతుంటే వార్డులో డిశ్చార్జి సమ్మరీలు ముందురోజు రాత్రే తయారుచేసే పద్ధతి మీ యూనిట్‌లో మొదలుపెట్టారని. అదే సిస్టమ్స్-బేస్డ్ ప్రాక్టీస్! ఇక్కడి ఎంబీఏ క్లాసులో పవర్‌పాయింట్ మీద చెప్పేదాన్ని మీరు వందల మంది పేషెంట్ల మధ్య చేశారు. ఈరాస్‌లో పది అనుభవాలు రాయొచ్చు, వాటిలో మూడింటిని ముఖ్యమైనవిగా ఎంచుకుని వివరించొచ్చు. ఆ మూడింటిలో ఇది ఒకటి కావాలి. సమస్య ఏమిటి, మీరేం చేశారు, ఏం మారింది, ఏం మారలేదు, నాలుగు సూటి వాక్యాలు. ఆరోగ్యశ్రీ అంటే ఏమిటో ఒక ముక్కలో చెప్పండి, పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అని. మీ యూనిట్ చీఫ్ లెటర్ ఇస్తే అందులో ఈ సంగతి రాయమని అడగండి. మెడికెయిడ్ పేషెంట్లతో రోజూ పోరాడే ఇక్కడి ప్రోగ్రామ్ డైరెక్టర్‌కి ఇది చప్పున అర్థమవుతుంది. ఆ కథని చెప్పడానికి ఏ ఎంబీఏ అక్కర్లేదు.

ఇది చదివేవాళ్ళలో ఇప్పటికే ఎంబీఏనో ఎంహెచ్ఏనో (హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ మాస్టర్స్) చేసేసి అప్లై చేయబోతున్నవాళ్ళు ఉంటారు. మీరు కంగారు పడకండి, దాచకండి కూడా. దాచితే ఆ రెండేళ్ళు ఖాళీగా కనబడతాయి, అది ఇంకా చెడ్డది. పర్సనల్ స్టేట్‌మెంట్‌లో ఎంబీఏకి ఒక చిన్న పేరా చాలు, మిగతాదంతా పేషెంట్ల గురించి, మీరెందుకు ఈ బ్రాంచి కోరుకుంటున్నారనే దాని గురించి ఉండాలి. కొత్త క్లినికల్ లెటర్లు తప్పనిసరి, గత ఏడాది లోపువి. బిజినెస్ ప్రొఫెసర్ లెటర్ పెట్టాలనుకుంటే నాలుగోదిగా పెట్టండి, మూడింటిలో ఒకటిగా వద్దు. మీరు ఇక్కడే ఉన్నారు, ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ వచ్చి ఉంటే స్టెప్ 3 కూడా రాసేయండి, అది అమెరికాలో మాత్రమే పెడతారు. పట్టా వయసు ఎక్కువున్న అభ్యర్థికి స్టెప్ 3 పాస్ అనేది "నా చదువు తుప్పు పట్టలేదు" అని చెప్పే మంచి ఆధారం.

ఎంబీఏ మీద మీకు నిజమైన ఇష్టం ఉంటే దానికి చోటు రెసిడెన్సీ తర్వాత ఉంది. టెన్నెసీ యూనివర్సిటీ, ఇండియానా కెల్లీ స్కూల్, ఇలా కొన్ని చోట్ల ప్రాక్టీసులో ఉన్న డాక్టర్ల కోసమే ఎంబీఏ నడుపుతున్నారు, ఉద్యోగం మానకుండా చేయొచ్చు. ఫీజులో కొంత హాస్పిటలే భరించే ఉద్యోగాలూ ఉంటాయి, కాంట్రాక్టు సంతకం చేసే ముందు అడగాలి. అప్పుడు చదివితే పాఠం వేరేగా అర్థమవుతుంది. కాస్ట్ అకౌంటింగ్ క్లాసులో కూర్చున్నప్పుడు నా కళ్ళ ముందు మా వార్డు కనబడేది, ఏ పేషెంటుని ఇన్‌పేషెంట్‌గా రాయాలి, ఎవరిని అబ్జర్వేషన్‌లో ఉంచాలి అని కేస్ మేనేజర్‌తో రోజూ జరిగే వాదన కనబడేది. వార్డు తెలియని రోజుల్లో ఆ పాఠం విని ఉంటే పరీక్ష రాసి మర్చిపోయేవాణ్ణి.

ఒకవేళ మనసు లోతుల్లో మీకు రెసిడెన్సీ కన్నా హాస్పిటల్ నడిపే పనే ఇష్టమైతే, అది వేరే జవాబు, ఆ ఇష్టాన్ని గౌరవించాలి. దానికి అమెరికా దాకా రానక్కర్లేదు. ఎయిమ్స్‌లో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎండీ (మన పీజీ ఎండీ) ఉంది, ఐఎన్ఐ-సెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా. హైదరాబాద్ నిమ్స్‌లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ ఉంది, ముంబైలో టాటా వాళ్ళ సోషల్ సైన్సెస్ సంస్థ టిస్‌లో ఉంది. నీట్ పీజీ గురించి కూడా అడిగారు: అక్కడ ర్యాంకే సర్వస్వం, కాళోజీ యూనివర్సిటీ కౌన్సెలింగ్ అయినా ఎన్టీఆర్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ అయినా ఎంబీఏకి అర మార్కు కూడా కలవదు.

మీరు స్టూడెంట్ వీసాకి కావలసిన అడ్మిషన్ పత్రం ఐ-20 కోసం డిపాజిట్ కట్టేశానని చివర్లో రాశారు. ముందు యూనివర్సిటీకే నేరుగా మెయిల్ పెట్టి రీఫండ్ నియమాలు, అడ్మిషన్ ఒక ఏడాది వాయిదా వేసుకునే వీలు ఉన్నాయో లేవో అడగండి, కన్సల్టెన్సీ ద్వారా వద్దు. వాయిదా వేయడానికి చాలా చోట్ల ఒప్పుకుంటారు. ఆ మెయిల్ పెట్టేసి స్టెప్ 2 సీకే డేట్ బుక్ చేసుకోండి, ప్రోమెట్రిక్ సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంది. డేట్ దొరికాక మీ ప్రాక్టీస్ టెస్ట్ స్కోర్లు, స్టెప్ 1 పాసైన నెల ఇక్కడ రాయండి. సెప్టెంబరుకి అప్లై చేయాలా, ఇంకో ఏడాది ఆగాలా అనేది అప్పుడు లెక్క వేసి చెబుతాను.